రొయ్యల చెరువు ఏరియేటర్‌కు పీజో సెన్సర్: మైక్రోకంట్రోలర్ పిన్నును కాపాడేదెలా?

ప్రశ్న:
భీమవరం దగ్గర మా రొయ్యల చెరువులో రాత్రివేళ ఏరియేటర్ (నీటిని చిలికి గాలి కలిపే యంత్రం) ఆగిపోతే వెంటనే తెలిసేందుకు, దాని గేరుబాక్సుకు 27 మిల్లీమీటర్ల పీజో బిళ్లను (కంపనాన్ని విద్యుత్తుగా మార్చేది) అతికించి, ఆ సంకేతాన్ని ఈఎస్‌పీ32 అనే మైక్రోకంట్రోలర్ బోర్డుకు ఇవ్వాలనుకుంటున్నాను. గట్టిగా తట్టితే బిళ్ల నుంచి పదుల వోల్టులు వస్తాయి కనుక, పిన్నును కాపాడేందుకు 3.3 వోల్టుల జీనర్ (ఆ వోల్టేజీ దాటనివ్వని డయోడు) ఒక్కటి పెడితే సరిపోతుందా అండి?

జవాబు 1:
చాలదండి. తక్కువ వోల్టేజీ జీనర్లు 3.3 చేరకముందే కొద్దికొద్దిగా కరెంటును వదిలేస్తాయి. పీజో ఇచ్చేదే మైక్రోఆంపియర్లలో కాబట్టి బలహీనమైన కంపనం అక్కడే ఇంకిపోతుంది. బిళ్లకు సమాంతరంగా 1 మెగాఓమ్, శ్రేణిలో 10 కిలోఓములు పెట్టి, ఆ తర్వాత బీఏటీ54ఎస్ షాట్కీ జంటలో (తక్కువ వోల్టేజీకే తెరుచుకునే రెండు డయోడులు) ఒక డయోడును గ్రౌండుకు, మరొకదాన్ని 3.3 వోల్టుల లైనుకు కలపండి. 50 వోల్టుల దెబ్బ తగిలినా కరెంటు 5 మిల్లీఆంపియర్లు దాటదు. అక్కడి నుంచి పిన్నుకు మరో 10 కిలోఓములు పెట్టండి.

జవాబు 2:
బిళ్ల కెపాసిటెన్స్ సుమారు 20 నానోఫారడ్లు అనుకుంటే, ఆ మెగాఓముతో కలిసి 8 హెర్ట్జ్ దిగువ సంకేతాలను తగ్గిస్తుంది. 1440 ఆర్‌పీఎం మోటారు కంపనం 24 హెర్ట్జ్ కనుక ఇబ్బంది లేదు. వైఫై నడుస్తుండగా ఏడీసీ2 పిన్నులు (వోల్టేజీని అంకెలుగా మార్చే రెండో విభాగానివి) పనిచేయవు కాబట్టి ఆ విభాగంలో లేని 34వ పిన్ను వాడండి. నన్నడిగితే అసలు శత్రువు మన ఉప్పుతేమే: టంకాలతో సహా బిళ్లపై ఎపాక్సీ పూయకపోతే ఆ తేమపొరే సంకేతాన్ని మింగే ఇంకో రెసిస్టరు అవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
బోర్డు గట్టు మీది షెడ్డులో ఉంటుంది. తీగ పొడవుగా లాగవచ్చా?

జవాబు 1:
షీల్డు తీగ (చుట్టూ లోహపు తొడుగు ఉన్నది) అయితేనే లాగండి. మామూలు తీగ 50 హెర్ట్జ్ కరెంటు రొదను పట్టుకుంటుంది. అప్పుడు ఏరియేటర్ చక్రం ఆగినా తిరుగుతున్నట్టే చూపిస్తుంది.