శిక్ష ముగించుకొని వస్తున్నవాణ్ణి ఊర్లోకి రానివ్వొద్దని సంతకాలు అడుగుతున్నారు. మీరైతే పెడతారా?

పొగాకు రైతు, టంగుటూరు వైపు:
మాది ప్రకాశం జిల్లాలో పొగాకు పండే ఊరు. పేరు రాయను. రాస్తే పాప ఎవరో చుట్టుపక్కల నాలుగూళ్లకు తెలిసిపోతుంది. ఎవరూ అడగొద్దు, ఊహించి కింద రాయొద్దు.

సంగతి ఇది. 2015లో ఎనిమిదేళ్ల పిల్ల మీద చేసిన ఘోరానికి మా ఊరివాడు ఒకడికి పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కింద 10 ఏళ్లు పడింది. రిమాండ్ రోజులు కలిపి శిక్ష నిండింది, వచ్చే నెల బయటికొస్తున్నాడు. ఉండటానికి అన్న ఇల్లు తప్ప ఇంకోటి లేదు. ఆ ఇల్లు పాప వాళ్లకు ఎదురు వరసలోనే ఉంది. మొన్న రామాలయం దగ్గర పెద్దమనుషులు కూర్చుని, వాణ్ణి ఊర్లో అడుగు పెట్టనివ్వకూడదని కాగితం రాయించారు. అన్న గనక ఇంట్లో పెట్టుకుంటే ఆ కుటుంబానికి పాలు పొయ్యకూడదు, కూలికి పిలవకూడదు, పలకరించకూడదు. ఇంటింటికీ తిరిగి సంతకాలు తీసుకుంటున్నారు. నన్నడిగితే రేపు చెప్తానన్నాను. మీరైతే ఏం చేస్తారు? బూతులొద్దు, కారణం రాయండి.

కావలి కుర్రోడు:
ఇందులో అడిగేదేముందన్నా, రెండు చేతులా పెట్టు. పొద్దున్నే తలుపు తీస్తే ఆ పిల్లకు వాడి మొహం కనపడాలా? కోర్టు వాడికి పదేళ్లేసింది. ఆ పిల్లకు ఎన్నేళ్లు పడిందో ఎవరన్నా లెక్కేశారా? హక్కులు, చట్టాలు అని రాయబోయేవాళ్లు ముందు మీ ఎదురింట్లో వాడికి గది అద్దెకిప్పించండి. తర్వాత మాట్లాడుకుందాం.

వకీలు, ఒంగోలు:
తమ్ముడూ, గది నేనూ ఇప్పించను. అయినా ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దనే చెప్తాను.

శిక్ష పూర్తయినవాడు ఎక్కడ బతకాలో తేల్చే అధికారం పంచాయతీకే లేదు, ఇక రామాలయం అరుగు మీద కూర్చున్నవాళ్లకు ఎక్కడిది? దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు రాజ్యాంగం 19వ అధికరణలో ఉంది. ఊరి పొలిమేరలో దారికి అడ్డం నిలబడితే కేసు నిలబడినవాళ్ల మీద అవుతుంది. అన్న కుటుంబానికి పాలు ఆపడం దేనికి, వాళ్లేం చేశారు?

ఎవరో ఒకరు బిల్కిస్ బానో కేసు తెస్తారు కాబట్టి ముందే చెప్తున్నాను. అక్కడ యావజ్జీవం పడిన 11 మందిని గుజరాత్ ప్రభుత్వం 2022 ఆగస్టు 15న ముందుగా వదిలేసింది. విచారణ జరిగింది మహారాష్ట్రలో కాబట్టి గుజరాత్‌కు ఆ అధికారం లేదని సుప్రీంకోర్టు 2024 జనవరి 8న ఆ ఉత్తర్వు కొట్టేసి, రెండు వారాల్లో జైలుకు రమ్మంది. అది గడువుకు ముందు విడుదల. ఇక్కడ గడువు నిండింది. పదేళ్లు చాలవంటారా, ఒప్పుకుంటాను. 2019 సవరణ తర్వాత 12 ఏళ్ల లోపు పిల్లల మీద ఈ నేరానికి కనీసం 20 ఏళ్లు. కానీ 2015 నాటి నేరానికి 2019 శిక్ష వెయ్యడం కుదరదు.

డాలస్‌లో ఉదయగిరోడు:
ఇక్కడ ఇల్లు తీసుకునేముందు స్కూలు ఎట్లాంటిదో చూసినట్టే ఇలాంటి నేరాలు చేసినవాళ్ల జాబితా కూడా చూస్తాం. పేరు, ఫొటో, అడ్రసు అన్నీ ఉంటాయి. 1996లో మేగన్ చట్టం వచ్చినప్పటినుంచి అమెరికా అంతా ఇంతే. మన దేశంలోనూ 2018 సెప్టెంబర్‌లో లైంగిక నేరస్థుల జాతీయ జాబితా మొదలుపెట్టారు, కాకపోతే పోలీసులకే కనపడుతుంది. దాన్ని జనానికి తెరిస్తే పోదా? సంతకాలతో పనేముంది?

రిటైర్డ్ హెడ్మాస్టరు, కందుకూరు:
నాయనా, మీ అమెరికా కథలో మిగతా సగం కూడా చెప్పు. మయామిలో 2005లో ఇలాంటివాళ్లు బడికి 2,500 అడుగుల లోపు ఉండకూడదని నిబంధన పెట్టారు. పెద్ద పట్నంలో బడి లేని చోటేది? చివరికి జూలియా టటిల్ అనే వారధి కింద డేరాలు వేసుకున్నారు. 2010లో అక్కణ్ణించీ ఖాళీ చేయించారు. వాళ్లు పోలీసులకిచ్చిన చిరునామా ఏమనుకున్నావు? ఆ వారధే.

ఈ ఊరి కాగితం చేసేదీ అంతే. తరిమినంత మాత్రాన మనిషి మాయమైపోడు. బస్సెక్కి ఏ చీమకుర్తి క్వారీకో, అల్లూరు వైపు రొయ్యల చెరువుల కాపలాకో పోతాడు. ఇక్కడైతే ప్రతి తల్లికీ వాడెవడో తెలుసు. అక్కడ ఎవరికి తెలుసు?

కావలి కుర్రోడు:
అంటే ఆ ఊరి తల్లులు పొద్దస్తమానం వాడికి కాపలా కాయాలా మాస్టారూ? అది ప్రభుత్వం పని కాదా?

రిటైర్డ్ హెడ్మాస్టరు, కందుకూరు:
ప్రభుత్వం పనే. చేయించుకోవాల్సింది అదే. తరమడం కాదు.

క్వారీ కార్మికుడు, చీమకుర్తి:
మాస్టారూ, మా క్వారీకి పంపిస్తారా, బాగుంది! మేమూ పెళ్లాం పిల్లలతోనే ఉంటాం ఇక్కడ. అయినా మీ మాటే నిజం, ఇక్కడికొచ్చేవాళ్ల వెనక చరిత్ర మేస్త్రీ కూడా అడగడు.

నాకు ఇంకో అనుమానం. వాడిది ఏ కులమో నేనడగను, మీరు చెప్పొద్దు. పెద్దింటి కొడుకే ఈ పని చేసుంటే ఈ కాగితం పుట్టేదా? పాలు ఆపడం, కూలికి పిలవకపోవడం అంటే వెలే కదా. ఆ ఆయుధం ఎవరి మీద వాడతారో ఈ వైపు పుట్టినోళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. 1985లో దళితుల్ని చంపిన కారంచేడు అప్పట్లో మన జిల్లాలోనే ఉండేది. 1991లో చుండూరులో మనుషుల్ని చంపకముందు వెలేశారు. ఎస్సీ, ఎస్టీల మీద సాంఘిక బహిష్కరణ నేరమని 2015 సవరణలో చేర్చింది ఊరికే కాదు. ఈ రోజు రేపిస్టు అన్న అని వెలి. అది అలవాటైతే రేపు చెప్పిన రేటుకు కూలికి రాలేదని వెలి. నేను పెట్టను సంతకం.

పొగాకు రైతు, టంగుటూరు వైపు:
కులం సంగతి చెప్పనులే అన్నా, నువ్వు అనుకున్నదానికి దూరం లేదు.

ఇంకోటి మాత్రం చెప్పాలి. ఈ కాగితం రాయించిన నలుగురిలో ఇద్దరు 2015లో ఏం చేశారో ఊరందరికీ తెలుసు. కంప్లయింటు ఇవ్వబోతుంటే పాప నాన్నను కూర్చోబెట్టి, "ఆడపిల్ల బతుకు రచ్చకెక్కుద్ది, కొంత డబ్బు ఇప్పిస్తాం, సర్దుకో" అన్నారు. ఆయన వినలేదు, స్టేషన్‌కు పోయాడు. రెండేళ్లు ఆయన పొలానికి ట్రాక్టరు రానివ్వలేదు, పొగాకు కాల్చే బ్యారన్ అద్దెకు దొరకనివ్వలేదు. ఆ ఇద్దరే ఇప్పుడు ఊరి పరువు అంటున్నారు. అప్పుడు వాణ్ణి ఊర్లో ఉంచడానికి రాజీ. ఇప్పుడు పంపించడానికి కాగితం. నాకు చెయ్యి రానిది అక్కడ.

వకీలు, ఒంగోలు:
ఇలాంటి నేరం తెలిసీ పోలీసులకు చెప్పకపోవడమే పోక్సోలో శిక్ష పడే నేరం. రాజీ కుదర్చడం దానికన్నా ఒక మెట్టు పైనే.

సింహపురి సింహం:
ఇన్ని మాటలెందుకు సామీ. 2019 డిసెంబర్‌లో దిశ కేసులో సైబరాబాద్ పోలీసులు చూపించారుగా దారి.

వకీలు, ఒంగోలు:
దారి చూపించాక ఏమైందో కూడా చూడండి. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్, చంపాలనే కాల్చారని 2022లో బయటపడిన నివేదికలో తేల్చింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా రాసింది. ఇక్కడ కోర్టు నడిచింది, సాక్ష్యం నిలబడింది, శిక్ష పడింది, శిక్ష పూర్తయింది. ఆ తండ్రి గెలిచిన కేసు ఇది. దాని పక్కన ఎన్‌కౌంటర్ ఊసెందుకు?

అంగన్‌వాడీ టీచరు, కోవూరు:
నేను పిల్లలతో పనిచేసేదాన్ని, నాకు భయం లేదనను. వాడు వస్తే మా సెంటర్ ముందు ఆగితే చాలు, నాకు ఒళ్లు మండుద్ది. కానీ ఈమధ్య ఏ ఏడాది ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర గణాంకాల సంస్థ) లెక్క తీసినా అత్యాచారం కేసుల్లో 90 శాతం పైన చేసినవాడు తెలిసినవాడే. చుట్టం, పక్కింటాయన, ఆటో నడిపేవాడు. ఒక్కణ్ణి పొలిమేర దాటించి ఊరు శుభ్రమైందని పడుకుంటే మిగతావాళ్ల సంగతి?

చెయ్యగలిగిన పనులు ఉన్నాయన్నా. 2020 పోక్సో నియమాల ప్రకారం పిల్లలతో మెలిగే ఏ సంస్థ అయినా, టీచరైనా ఆయా అయినా, సిబ్బంది పూర్వాపరాలు పోలీసులతో చెక్ చేయించాలి. మీ ఊరి బడి ఎప్పుడన్నా చేయించిందా? బడి ఆటోవాళ్ల సంగతి? సచివాలయంలో మహిళా పోలీసుకు వీడు వస్తున్నట్టు తెలుసా? ఈ ప్రశ్నలతో పోతే ఎస్సై కూర్చోబెట్టి మాట్లాడతాడు. వెలి కాగితంతో పోతే మిమ్మల్నే కూర్చోబెడతాడు.

కావలి కుర్రోడు:
అక్కా, బాగా చెప్పావు. కానీ ఎదురింటి సంగతి ఎవరూ తేల్చలేదు.

ఆ ఇంటికి దగ్గరిదాన్ని:
ఇదంతా మా మేనకోడలి గురించే. నేనెవరో అడగొద్దు.

వాడు వస్తున్నాడని మాకు జైలు వాళ్లు చెప్పలేదు, పోలీసులు చెప్పలేదు. మా వదిన పాలకేంద్రం దగ్గర నిలబడి ఉంటే ఎవరో అనుకుంటుంటే విన్నది. ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నం తినలేదు.

పెద్దమనుషులు కాగితం మొదట మా గుమ్మంలోకే తెచ్చారు, "మీ కోసమేనమ్మా" అని. మా అన్న పెట్టలేదు. ఇప్పుడు కలెక్టరు గారికివ్వడానికి ఇంకో కాగితం టైపు చేయించారు. అందులో మా పిల్ల పేరు, ఇంటిపేరుతో సహా. జెరాక్సులు తీసి పంచారు. పదేళ్లు మేం ఆ పేరు ఎక్కడా రాకుండా దాచుకున్నాం. పేపరువాళ్లు కూడా రాయలేదు. మా ఊరు రాసింది.

పిల్లకు 18 దాటాయి, వేరే టౌన్‌లో చదువుకుంటోంది. ఊరంతా దాని గురించి మాట్లాడింది గానీ దాన్నెవరూ అడగలేదు. నేను ఫోన్ చేసి అడిగాను. రెండే చెప్పింది. వాడు ఎదురింట్లో ఉండకూడదు. నా పేరుతో ఎవరూ ఏదీ రాయకూడదు. ఊర్లో ఉంటాడా పోతాడా అది నాకొద్దు అత్తా అంది. సంక్రాంతికి వస్తావా అంటే మాట మార్చింది.

కావలి కుర్రోడు:
పేరు రాశారా?! పంచిందెవరో చెప్పక్కా.

వకీలు, ఒంగోలు:
అమ్మా, కేసు ఏ దశలో ఉన్నా బాధితుల మాట వినాలని లఖీంపూర్ కేసులో సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. శిక్ష నిండి బయటికొచ్చేటప్పుడు విచారణ అంటూ ఏదీ ఉండదు కాబట్టి ఆ తీర్పు ఇక్కడ అక్కరకు రావడం లేదు. రెండోసారి దోషిగా తేలినవాడికైతే, విడుదలయ్యాక 5 ఏళ్లదాకా ఎక్కడుంటున్నదీ పోలీసులకు చెప్పాలని కోర్టు ఆదేశించే వీలుంది. మొదటిసారికి అదీ లేదు. చట్టంలో ఈ గుంట ఉంది, పూడ్చాల్సిందే.

ఆ జెరాక్సుల సంగతి వేరు. బాధితురాలి పేరు బయటపెట్టడం నేరం, "మీ కోసమే" అన్నా నేరమే. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్లదాకా జైలు. ఒక్క కాపీ భద్రంగా పెట్టుకోండి, ఇక్కడ మాత్రం ఫొటో పెట్టొద్దు.

పొగాకు రైతు, టంగుటూరు వైపు:
ఆ రెండో కాగితం నా దాకా రాలేదు. సంతకం సంగతి తేలిపోయింది, పెట్టను.

నిన్న సాయంత్రం వాడి అన్న దగ్గరికి పోయాను. ఇంతమందిమి ఇంత రాశాం గానీ ఎవరికీ తట్టని సంగతి, ఆయనకూ ఆరో తరగతి చదివే కూతురుంది. "నేను రమ్మనలేదన్నా, వద్దని ఎట్టా చెప్పాలో తెలీక ఊరుకున్నా" అన్నాడు. ఆయన భార్య వాకిట్లోంచే, వాడొస్తే పిల్లను తీసుకొని పుట్టింటికి పోతానంది. పొలంలో బ్యారన్ పక్కన గది ఉంది, ఊరికి కిలోమీటరు పైనే. అక్కడ పెట్టి అన్నం పంపిస్తానన్నాడు. ఎన్నాళ్లు అంటే చెప్పలేకపోయాడు. అక్కడి నుంచి బడికి పోయే దారి కనపడుతుంది, అది కూడా చూసుకోవాలి.

శుక్రవారం నలుగురం ఎస్సై దగ్గరికి పోతున్నాం. అంగన్‌వాడీ అక్క చెప్పినవన్నీ అడుగుతాం. అన్నిటికన్నా ముందు ఆ జెరాక్సులు వెనక్కి తెప్పించాలి. వకీలు గారూ, పాప పేరు రాయకుండా అర్జీ ఎట్టా రాయాలి?

వకీలు, ఒంగోలు:
పాత కేసు క్రైమ్ నంబరు, సంవత్సరం, స్టేషన్ పేరు వేసి "ఆ కేసులో బాధితురాలు" అని రాస్తే చాలు. ఊరి పేరు కూడా అక్కర్లేదు. జెరాక్సు కాపీ జత చేసేటప్పుడు సీలు వేసిన కవర్లో పెట్టి ఎస్సై చేతికే ఇవ్వండి, రైటరుకు వద్దు. రసీదు అడిగి తీసుకోండి.