ఫిల్టర్ విడిభాగాలను మనమే కొలవాలా, కంపెనీ ఇచ్చే వివరాల పత్రం (డేటాషీట్) చాలదా?

గుణుపురం రైతుబిడ్డ:
వంశధార ఒడ్డున మా పొలానికి సోలార్ పంపు కంట్రోలర్ నేనే కట్టాను. మోటారు తిరగగానే నాన్నగారి రేడియోలో మీడియం వేవ్ అంతా గరగర. 4.7 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్, 5 మిల్లీహెన్రీ కామన్ మోడ్ చోక్ (రెండు తీగల్లోనూ ఒకే దిశలో వెళ్లే రొదను అడ్డుకునే చుట్ట) కలిపి రొద ఆపే ఫిల్టర్ పెట్టాను. కంప్యూటర్ లెక్కలో రొద బాగా తగ్గింది, పొలంలో మాత్రం అంతంతే. ప్రతి భాగాన్నీ కొలిచి దాని కంప్యూటర్ నమూనా కట్టమని ఒకరు, దండగని ఇంకొకరు అంటున్నారు.

జయపురం సర్క్యూట్:
దండగే. పేరున్న కంపెనీలు ఇంపెడెన్స్ వక్రరేఖ (ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర భాగం ఎంత అడ్డుకుంటుందో చూపే గీత) ఇస్తాయి, దాన్నే వాడండి. చిన్న అనలైజర్‌తో (సిగ్నల్ పంపి కొలిచే పరికరం) ఒక ఓమ్ లోపు కొలిస్తే వచ్చేది భాగం విలువ కాదు, దాన్ని పట్టుకునే క్లిప్పుల విలువ.

బరంపురం చోక్:
క్లిప్పుల మాట ఒప్పుకుంటాను, తీర్పును ఒప్పుకోను. డేటాషీట్ వక్రరేఖకు మీ బోర్డు మీది కాళ్ల పొడవు తెలియదు. తమ్ముడూ, కాళ్లతో కలిపి కెపాసిటర్ ఇండక్టెన్స్ 40 నానోహెన్రీలు అనుకో. సుమారు 370 కిలోహెర్ట్జ్ దాటగానే నీ కెపాసిటర్ ఇండక్టర్ అయిపోతుంది, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ రొదను గ్రౌండుకు పంపే బలం తగ్గుతుంది. 1 మెగాహెర్ట్జ్ దగ్గర 0.034 ఓమ్ ఉండాల్సింది సుమారు 0.22 ఓమ్ అవుతుంది, ఆరు రెట్లకు పైగా! మీడియం వేవ్ 531 నుంచి 1602 కిలోహెర్ట్జ్, అంటే మొత్తం ఆ చెడ్డ వైపే. చోక్ చుట్ల మధ్య 20 పికోఫారడ్‌లుంటే అది కూడా 500 కిలోహెర్ట్జ్ దాటాక కెపాసిటర్‌లా నడిచి రొదను దాటనిస్తుంది. కొలిచేటప్పుడు కెపాసిటర్‌ను అనలైజర్ రెండు పోర్టులను కలిపే తీగ నుంచి గ్రౌండుకు వేసి, ఎంత సిగ్నల్ దాటిందో చూడు. క్లిప్పుల బెడద చాలావరకు పోతుంది. చోక్‌ను మాత్రం పోర్టుల మధ్య సిరీస్‌లో పెట్టాలి.

జయపురం సర్క్యూట్:
అనలైజర్ పంపేది చిటికెడు సిగ్నల్. పంపు కరెంటు పారితే ఇనుపపొడి కోర్ చోక్ ఇండక్టెన్స్ పడిపోతుంది. డీసీ వోల్టేజీ కింద ఎక్స్‌7ఆర్ రకం సిరామిక్ కెపాసిటర్ విలువ కూడా అంతే. ఖాళీగా కొలిచిన నమూనా ఎవరికి పనికొస్తుంది?

బరంపురం చోక్:
మంచి ప్రశ్న. ఆ భాగాలకైతే కరెంటు పారిస్తూనే కొలవాలి. కానీ ఇక్కడున్నది ఫిల్మ్ కెపాసిటర్, దానికి ఆ జబ్బు లేదు. కామన్ మోడ్ చోక్‌లో వెళ్లే కరెంటు, తిరిగొచ్చే కరెంటు ఒకదాని అయస్కాంత ఫ్లక్స్‌ను ఒకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. పక్కపక్కన బిగించిన భాగాల మధ్య అయస్కాంత కలయిక విడి కొలతలో దొరకదు. ఆ ఒక్కచోట విడి కొలత పనికిరాదన్న మీ మాటే నిజం, బోర్డు మొత్తాన్నీ కొలవాల్సిందే.

గుణుపురం రైతుబిడ్డ:
మూత తీసి చూశాను. కెపాసిటర్ కాళ్లు చెరో రెండు సెంటీమీటర్లు, ఒళ్లు చోక్‌కు ఆనుకుని ఉంది. రేపు పంపు ఆపి ముందు కాళ్లు కత్తిరించి టంకం పెడతాను. రేడియో విన్నాకే చోక్‌ను జరుపుతాను.