దీపావళి రాత్రి తారాజువ్వల ఫోటోలు తెల్లటి మచ్చలుగా వస్తున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న

నమస్కారం. మాది విజయవాడలో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్. దీపావళి రాత్రి డాబా మీదకు వెళితే చుట్టుపక్కల వీధుల వాళ్లు కాల్చే తారాజువ్వలూ స్కైషాట్లూ ఎదురుగా కనిపిస్తాయి. నా దగ్గర 18-55 మి.మీ. జూమ్ లెన్సు ఉన్న మామూలు డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా, ఒక తేలికపాటి ట్రైపాడ్ ఉన్నాయి. పోయిన ఏడాది చీకటి కదా అని ఐఎస్‌ఓను (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయిని) 1600కు పెంచి, మిగతావన్నీ ఆటోకు వదిలేసి, దాదాపు రెండు వందల ఫోటోలు తీశాను. కంటికి ఎర్రగా, పచ్చగా కనిపించిన రవ్వలన్నీ ఫోటోలో సున్నం చల్లినట్టు తెల్లటి మచ్చలయ్యాయి. ఆకాశం పొగతో కలిసి నారింజ రంగుకు తిరిగింది. సగం ఫోటోల్లో ఫోకస్ కుదిరేలోపే జువ్వ ఆరిపోయింది. కొత్త లెన్సు కొనకుండా ఈసారి నేను మార్చుకోవలసింది ఏమిటో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1

మీ లెన్సులో లోపం లేదండి, చీకటిని చూసి ఐఎస్‌ఓ పెంచడమే అసలు పొరపాటు. ఆకాశం చీకటిదే కానీ మీరు తీస్తున్నది ఆకాశాన్ని కాదు, మండుతున్న లోహపు రవ్వను. పైగా ఆ రవ్వ ఒకచోట నిలవదు. సెన్సార్ మీద ఒక్కో బిందువును క్షణకాలం తాకి ముందుకు సాగిపోతుంది కాబట్టి, షట్టర్‌ను ఎంతసేపు తెరిచి ఉంచినా ఆ గీత పొడవు పెరుగుతుందే తప్ప దాని వెలుగు పెరగదు. గీత ఎంత ప్రకాశంగా పడాలన్నది ఎపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం; ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది), ఐఎస్‌ఓ నిర్ణయిస్తాయి. కదలకుండా ఉండే ఆకాశమూ, పొగా, వీధి దీపాలూ ఎంత తేలాలన్నది వాటితోపాటు షట్టర్ సమయం కూడా నిర్ణయిస్తుంది. ఈ ఒక్క తేడా పట్టుబడితే మిగిలినదంతా సులువే.

కెమెరాను మాన్యువల్‌లో పెట్టి, ఐఎస్‌ఓ 100, ఎపర్చర్ ఎఫ్/11, షట్టర్ 3 సెకన్లతో మొదలుపెట్టండి. రంగు కూడా అన్నిటికీ ఒకేలా పడదు. ఎరుపు స్ట్రాన్షియం లవణాల నుంచి, ఆకుపచ్చ బేరియం నుంచి, నీలం రాగి నుంచి వస్తాయి. వీటిలో నీలం బాగా మందకొడి, కాబట్టి దాని కోసం ఎఫ్/8 దాకా దిగవచ్చు. టైటానియం, అల్యూమినియం పొడులతో తెల్లగా మెరిసే రవ్వలకు మాత్రం ఎఫ్/16 కూడా ఒక్కోసారి చాలదు. రా (RAW) ఫైళ్లుగా, అంటే కెమెరా తనంతట సర్దని ముడి ఫైళ్లుగా తీస్తే కొంత సర్దుకోవచ్చు కానీ, పూర్తిగా తెల్లబడిపోయిన చోట రంగును ఎవరూ వెనక్కి తేలేరు.

ఫోకస్ విషయంలో ఆటోను నమ్మవద్దు. బాణసంచా మొదలవకముందే దూరంగా ఉన్న టవర్ దీపాన్ని లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద, పెద్దది చేసి చూసి ఫోకస్ కుదుర్చుకుని, మాన్యువల్‌కు మార్చి, రింగు కదలకుండా చిన్న టేపు ముక్క అంటించండి. ఆ తర్వాత జూమ్ తిప్పారంటే మళ్లీ మొదటికి వస్తుంది. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు చేతి వణుకును సరిదిద్దే లెన్సు స్టెబిలైజర్‌ను ఆపేయండి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్‌ను కూడా ఆపేయండి. అది ఉంటే 3 సెకన్ల ఫోటో తర్వాత కెమెరా మరో 3 సెకన్లు తనలో తాను చీకటి ఫోటో తీసుకుంటూ కూర్చుంటుంది, ఆలోపు మంచి జువ్వలు రెండు దాటిపోతాయి.

రిమోట్ ఉంటే బల్బ్ మోడ్ (షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలో మనమే నిర్ణయించేది) ఇంకా మేలు. జువ్వ లేచేటప్పుడు వచ్చే సుయ్‌మనే చప్పుడుకు షట్టర్ తెరిచి, రవ్వలు రాలి ఆరిపోయాక మూయాలి. ఈ పనికి కంటికన్నా చెవి నమ్మకమైనది.

జవాబు 2

పై జవాబులో గాలి సంగతి రాలేదు. నా అనుభవంలో సగం ఫోటోలను పాడుచేసేది పొగే. సాయంత్రం డాబా పిట్టగోడ మీద ఒక అగరుబత్తి వెలిగించి పొగ ఎటు పోతోందో చూసి, గాలి మీ వీపు మీదుగా ముందుకు వీచే మూలలో ట్రైపాడ్ వేయండి. 2018లో సుప్రీంకోర్టు దీపావళి నాడు టపాసులకు రాత్రి 8 నుంచి 10 గంటల వరకే సమయం నిర్దేశించింది. మా వీధిలో దాన్ని అందరూ పాటిస్తారని చెప్పను కానీ, 8 దాటిన మొదటి పావుగంటలో ఉన్నంత శుభ్రమైన ఆకాశం మళ్లీ దొరకదు. అమావాస్య కనుక వెన్నెల అడ్డు ఎలాగూ ఉండదు.

ఇంకొక మాట, అందరూ ఒప్పుకోకపోవచ్చు. ఆకాశంలోని జువ్వలు ఏ ఊరిలో తీసినా ఒకేలా ఉంటాయి. మన దీపావళి నేల మీద ఉంటుంది. దీపాలు పెట్టే వేళ పిల్లలు గోగు కాడలకు నూనె గుడ్డలు చుట్టి వెలిగించి, 'దిబ్బు దిబ్బు దీపావళి, మళ్లీ వచ్చే నాగుల చవితి' అంటూ నేలకు కొట్టేటప్పుడు ఆ మంట వాళ్ల ముఖాల మీద పడే తీరు చూడండి. దానికి, చిచ్చుబుడ్డి వెలుగులో కనిపించే ముఖాలకు పై లెక్క పనికిరాదు. అక్కడ ఐఎస్‌ఓ 800, ఎఫ్/4, సెకనులో 30వ వంతు దగ్గర మొదలుపెట్టి సరిచూసుకోవాలి. ఫ్లాష్ వేస్తే ఆ పసుపు వెలుగంతా చచ్చిపోతుంది. లెన్సు ముందు బిగించే రక్షణ అద్దం, ఫిల్టర్, తప్పనిసరి. నా ఫిల్టర్ అద్దం మీద చిచ్చుబుడ్డి రవ్వలు చేసిన ఆవగింజంత నల్లటి గుంటలు మూడు ఇప్పటికీ ఉన్నాయి.

జవాబు 3

కెమెరా లేనివారి కోసం రెండు మాటలు. ఫోన్‌లోని నైట్ మోడ్ చాలా ఫోటోలను కలిపి ఒకటి చేస్తుంది కనుక కదిలే రవ్వల గీతలు అందులో తెగిపోయే అవకాశం ఉంది. ప్రో మోడ్ ఉంటే ఐఎస్‌ఓ 50 లేదా 100, షట్టర్ 2 సెకన్లు పెట్టి, ఫోన్‌ను స్టాండుకు బిగించి, టైమర్‌తో తీయండి. ఫోన్‌లో ఎపర్చర్ సాధారణంగా మారదు కాబట్టి ఇంకా తెల్లగా వస్తుంటే ఐఎస్‌ఓనే తగ్గించాలి.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ ధన్యవాదాలు. పండగకు ఇంకా వారం ఉంది కనుక నిన్న రాత్రి డాబా మీది నుంచి రోడ్డు మీద పోయే బళ్ల వెనక దీపాలను ఇదే లెక్కతో తీసి చూశాను. ఐఎస్‌ఓ 100, ఎఫ్/11 దగ్గర 3 సెకన్లు పెట్టినా 6 సెకన్లు పెట్టినా ఎర్ర గీత వెలుగు ఒకేలా ఉంది, పొడవు మాత్రమే పెరిగింది. పక్కనున్న హోటల్ బోర్డు మాత్రం 6 సెకన్లకు తెల్లబడిపోయింది. తేలికపాటి ట్రైపాడ్ గాలికి కొద్దిగా ఊగుతోంది కాబట్టి దాని నడుమ కొక్కేనికి నీళ్ల సీసాల సంచి వేలాడదీశాను. జూమ్‌ను 18 మి.మీ. దగ్గర పెడితే మా నీళ్ల ట్యాంకు ఫోటోలోకి వస్తోంది, దానికి అవతలి మూలకు మారితే గాలి ఎదురవుతోంది. ఈ సాయంత్రం అగరుబత్తితో మళ్లీ చూస్తాను.