రేకు మీద సుంకం: గడువు తీరాక పొడిగించాలా, వదిలేయాలా?

లెక్కల_మాస్టారు (విజయవాడ)

ప్రశ్న సూటిగా పెడుతున్నాను. బయటి కంపెనీ తన దేశంలో ధర కన్నా తక్కువకు ఇక్కడ అమ్మడమే డంపింగ్. దానికి అడ్డుకట్టగా దిగుమతి సరుకు మీద యాంటీ డంపింగ్ సుంకం వేస్తే మామూలుగా అయిదేళ్లు ఉంటుంది. గడువు దగ్గరపడుతుండగా ఇక్కడి ఉత్పత్తిదారులు సమీక్ష కోరతారు. వాణిజ్య శాఖ కింద ఉండే డీజీటీఆర్ (ఇలాంటి సుంకాల కేసులు చూసే డైరెక్టరేట్) విచారించి సిఫారసు చేస్తుంది, ఆఖరి మాట ఆర్థిక శాఖది. సమీక్షలో తేల్చేది ముఖ్యంగా ఒక్కటే: సుంకం ఎత్తేస్తే డంపింగూ దాని వల్ల నష్టమూ మళ్లీ మొదలవుతాయా? ఆ రేకు కొని షెడ్డు వేసుకునేవాడి గోడు ఆ ప్రశ్నలో ఎక్కడా లేదు. ఉండాలంటాను.

ఉదాహరణకు గాల్వాల్యూమ్ రేకు (అల్యూమినియం, జింకు కలిపి పూత వేసినది) తీసుకోండి. చైనా, వియత్నాం, కొరియా సరుకు మీద 2019 అక్టోబరులో తాత్కాలికంగా, 2020 జూన్‌లో ఖరారుగా సుంకం వేశారు. కంపెనీని బట్టి టన్నుకు సుమారు 13 డాలర్ల నుంచి 173 డాలర్ల దాకా. ఖరారై ఏడాది కాకముందే, 2021 ఫిబ్రవరి బడ్జెట్‌లో సెప్టెంబరు 30 దాకా ఆపేశారు. 2022 బడ్జెట్‌లో పూర్తిగా రద్దు చేశారు. లోహాల ధరలు మండుతున్నాయి, ప్రజా ప్రయోజనం అన్నారు. 2025 ఏప్రిల్ 21 నుంచి సేఫ్‌గార్డ్ (దిగుమతుల వెల్లువ నుంచి ఇక్కడి పరిశ్రమకు రక్షణ) పేరుతో 12 శాతం వేశారు. అందులో పూత రేకులూ ఉన్నాయి. వేశారు, తీశారు, ఇంకో పేరుతో మళ్లీ వేశారు. వేసేటప్పుడు నెలల తరబడి విచారణ, తీసేటప్పుడు బడ్జెట్ ప్రసంగంలో ఒక వాక్యం. ఏమంటారు?

బాలానగర్_ఫ్యాబ్రికేషన్

సార్, విచారణ ఎవలు చేసిన్రో, ప్రసంగం ఎవలు చదివిన్రో మాకు దెల్వదు. డ్యూటీ పడ్తదని పేపర్ల వస్తే చాలు, ఆ పొద్దే కాయిల్ ట్రేడర్ ఫోన్ ఎత్తడు. ఎత్తినా "పాత రేటు లేదన్నా" అంటడు. ఆయన గోడౌన్ల ఉన్నది పాత సరుకే. మేం పార్టీకి కొటేషన్ ఇచ్చి అడ్వాన్స్ తీసుకుని ఉంటం. ఆ తేడా ఎవలు పెట్టుకోవాలె?

ఇంకొక ముచ్చట. నేను చైనా రేకు కొన్నది తక్కువ. ఎక్కువ మన దేశపు సరుకే వాడ్త. కానీ ఆ చైనా సరుకు పోర్టుల ఉంటేనే ఇక్కడి కంపెనీలు రేటు కాడ జర ఆగుతయి. డ్యూటీ దిగుమతి సరుకు మీద పడ్తది, రేటు అంతటా పెరుగుతది.

గాజువాక_పాతకాపు

ఉక్కు ఫ్యాక్టరీలో పని చేసి రిటైరైనవాడిని. నాదీ వినండి.

2024లో చైనా ఎగుమతి చేసిన ఉక్కు 11 కోట్ల టన్నుల పైమాట. అదే ఏడాది మన దేశం మొత్తం తయారుచేసిన ముడి ఉక్కు దాదాపు 15 కోట్ల టన్నులు. వాళ్ల దేశంలో ఇళ్ల కట్టుబడి కుప్పకూలింది, ఫర్నేసులు మాత్రం ఆగలేదు. మిగిలిన సరుకు ఎక్కడికో పోవాలి. అమెరికా 2018లోనే 25 శాతం గోడ కట్టింది, 2025 జూన్‌లో దాన్ని 50కి పెంచింది. ఇక ఆ సరుకు వచ్చేది తలుపులు తెరిచి ఉన్న మనలాంటి మార్కెట్లకే. 2023-24లో మనం తయారైన ఉక్కులో నికర దిగుమతిదారులం అయ్యాం. ఆ తర్వాతి ఏడాదీ అంతే.

రేకు చవగ్గా దొరికితే సంతోషమే. కానీ బ్లాస్ట్ ఫర్నేసు దుకాణం షట్టరు కాదు, పొద్దున ఎత్తి సాయంత్రం దించడానికి. ఒకసారి చల్లబడితే మళ్లీ వెలిగించడానికి నెలలూ కోట్లూ కావాలి. ఇక్కడ మిల్లులు మూతపడ్డాక బయటివాడు ఇదే రేటుకి అమ్ముతాడని ఎవరు హామీ ఇస్తారు?

తణుకు_కోళ్లఫారం

ఇద్దరి మాటా సబబుగానే ఉంది. నాకు కావలసింది ఒక్క లెక్కండి. 5,000 చదరపు అడుగుల షెడ్డు వేస్తే ఈ సుంకం వల్ల నా జేబులోంచి ఎంత పోద్ది? ఎవరూ ఆ అంకె చెప్పరేంటి?

లెక్కల_మాస్టారు

చెబుతాను. 5,000 చదరపు అడుగులంటే సుమారు 465 చదరపు మీటర్లు. రేకు మీద రేకు ఎక్కే జాగా, వాలు కలిపి పది శాతం వేసుకుంటే 510. 0.47 మిల్లీమీటర్ల రేకు చదరపు మీటరు 3.8 కిలోల దాకా తూగుతుంది. మొత్తం దాదాపు 2 టన్నులు. 2020లో డాలరు 75 రూపాయలనుకుంటే అప్పటి గరిష్ఠ సుంకం టన్నుకు 13 వేలు, కనిష్ఠం వెయ్యి లోపు. అంటే మీ షెడ్డు మీద రెండు వేల నుంచి 26 వేల దాకా.

గాజువాక_పాతకాపు

చూశారా! షెడ్డు మొత్తం ఖర్చులో అది ఎంత? దీనికోసం దేశంలో మిల్లులు ఏమైనా ఫరవాలేదా?

బాలానగర్_ఫ్యాబ్రికేషన్

పెద్దాయనా, రేకు ఒక్కటే షెడ్డు కాదు. కాలమ్, రాఫ్టర్ అంతా హాట్ రోల్డ్ ప్లేటు కోసి వెల్డింగ్ చేసేదే. పర్లిన్ (రేకు కింద అడ్డంగ వేసే కమ్మీ) పూత కాయిల్ నుంచి వస్తది. రేకు రెండు టన్నులైతే కింద ఇనుము దానికి ఎన్నో రెట్లు. 2025 సేఫ్‌గార్డ్‌ల హెచ్ఆర్ (హాట్ రోల్డ్), ప్లేటు, సీఆర్ (కోల్డ్ రోల్డ్), పూత, కలర్ కోటెడ్, అన్నీ ఉన్నయి. 26 వేలతోని ఒడువది.

డీజీటీఆర్_ఫైళ్లు (ఢిల్లీ)

ఇలాంటి కేసుల కాగితాలు చూడటమే నా ఉద్యోగం. రెండు మూడు సంగతులు స్పష్టం చేస్తాను.

ఒకటి, సేఫ్‌గార్డూ యాంటీ డంపింగూ ఒకటి కావు. సేఫ్‌గార్డుకి డంపింగ్ రుజువు అక్కర్లేదు, దిగుమతులు ఒక్కసారిగా పెరిగి ఇక్కడి పరిశ్రమకు తీవ్ర నష్టం కలిగితే చాలు. మొదట 200 రోజులకు వేసిన 12 శాతాన్ని 2025 డిసెంబరు ఆఖర్లో మూడేళ్లకు ఖరారు చేశారు: మొదటి ఏడాది 12, రెండో ఏడాది 11.5, మూడో ఏడాది 11 శాతం. 2028 ఏప్రిల్‌లో ముగుస్తుంది. పైగా అది అందరికీ పడదు. హెచ్ఆర్ కాయిల్ టన్ను 675 డాలర్లు, కలర్ కోటెడ్ 964 డాలర్లు, అలా ఒక్కో రకానికీ ఒక హద్దు ఉంది. ఆ ధరకో అంతకు మించో దిగుమతి చేసుకుంటే సుంకం లేదు. చైనా, వియత్నాం, నేపాల్ తప్ప మిగతా అభివృద్ధి చెందుతున్న దేశాలకు మినహాయింపు. అసలు ఉద్దేశం ధర మరీ దిగిపోకుండా కింద ఒక హద్దు పెట్టడం.

రెండు, యాంటీ డంపింగ్‌లో డంపింగ్ మార్జిన్ (వాళ్ల దేశంలో ధరకూ ఇక్కడికి పంపే ధరకూ తేడా), నష్టం మార్జిన్ రెండూ లెక్కకట్టి ఏది తక్కువైతే అంతే వేస్తారు. మన పద్ధతిలో కొనేవాడికి మిగిలే ఊరట అదే. అందుకే ఒక కంపెనీకి 13 డాలర్లు, ఇంకోదానికి 173. హెచ్ఆర్ మీద వియత్నాం కేసు చూడండి: 2025లో టన్నుకు 121.55 డాలర్లు వేశారు, విచారణకు సహకరించి లెక్కలు చూపిన అక్కడి పెద్ద ఉత్పత్తిదారుకు మాత్రం సున్నా.

లెక్కల_మాస్టారు

ఫైళ్లు గారూ, నష్టం మార్జిన్ ఎలా కడతారో కూడా చెప్పండి. ఇక్కడి కంపెనీకి "నష్టం కలిగించని ధర" అని ఒకటి కట్టి, దిగుమతి ధరతో పోలుస్తారు. ఆ ధరలో పెట్టిన పెట్టుబడి మీద 22 శాతం రాబడి కలుపుతారు. దేశంలో ఎన్ని మామూలు వ్యాపారాలకు ఏటా 22 శాతం వస్తోంది? ఫ్యాబ్రికేషన్ అన్నని అడగండి. అంత రాబడి రాకపోతే "నష్టం" అనడం, దానికి గండి పడకుండా రైతు చేత కట్టించడం నాకు మింగుడుపడదు.

చైనా విషయంలో ఇంకోటి. అక్కడి కంపెనీలు తమది మార్కెట్ ధరేనని నిరూపించలేకపోతే, వాళ్ల సొంత ధర వదిలేసి ఇక్కడి ఖర్చులతోనే ఒక మామూలు ధర కట్టేస్తారు. అలా కట్టాక డంపింగ్ తేలకపోతేనే వింత.

డీజీటీఆర్_ఫైళ్లు (ఢిల్లీ)

22 శాతం అంతా లాభం కాదు మాస్టారూ. వడ్డీ, ఆదాయపు పన్ను, లాభం, మూడూ అందులోంచే. అప్పు ఎక్కువగా ఉన్న ఉక్కు కంపెనీకి వడ్డీ, పన్ను పోగా చేతికి మిగిలేది చాలా తక్కువ. అయితే ఈ అంకె పాతది, 1987 నాటి మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు నుంచి వచ్చింది. అప్పటి వడ్డీలు వేరు, ఇప్పటివి వేరు. దీని మీద ఎన్నో వ్యాజ్యాలు నడిచాయి. సమీక్ష జరిగిన ప్రతిసారీ అదే అంకె పెట్టడాన్ని నేను సమర్థించను. చైనా ధర సంగతి మాత్రం ఒప్పుకోను. సగానికి సగం ప్రభుత్వం చేతిలో ఉన్న పరిశ్రమ చూపించే ధరని ఎవరు నమ్ముతారు?

డాలస్_తెలుగోడు

ఇక్కడి సంగతి ఒకటి చెప్తా. అమెరికా 1986లో ఇండియా నుంచి వచ్చే వెల్డెడ్ స్టాండర్డ్ పైపుల మీద యాంటీ డంపింగ్ ఆర్డర్ వేసింది. కంచెలకీ నీళ్ల లైన్లకీ వాడే మామూలు పైపులే. సమీక్ష తర్వాత సమీక్ష జరిగింది, ప్రతిసారీ పొడిగింపే. ఇప్పటికీ ఉంది. ఆ ఏడాది పుట్టినవాళ్లకి నలభై ఏళ్లు వచ్చాయి బ్రదర్. అప్పటి నష్టం ఇంకా పొంచి ఉందా? సమీక్ష అనేది గడువు తీరిన సుంకానికి రెన్యువల్ కౌంటర్ అయిపోయింది. మనోళ్లు ఆ దారి పట్టకూడదు.

గాజువాక_పాతకాపు

బాబూ, మన పైపుల మీద వాళ్లు 40 ఏళ్లు వేసుకోవచ్చు, మనం మాత్రం అయిదేళ్లకే తీసేయాలా? ఇదేం న్యాయం?

డాలస్_తెలుగోడు

వాళ్లు చేసింది తప్పంటే, మనం చేస్తే ఒప్పెలా అవుతుంది అంకుల్? ఆ పైపు ఖరీదు ఇక్కడ ఇల్లు కట్టుకునేవాడే కడుతున్నాడు. ఆ ఇళ్లలో మనవాళ్లవీ ఉన్నాయి.

కంచరపాలెం_కుర్రాడు

పాతకాపు గారూ, మీరు విశాఖ ఉక్కు మనిషి కదా. మన ప్లాంటులో ఎక్కువగా వచ్చేది టీఎంటీ ఊసలు, వైర్ రాడ్, స్ట్రక్చరల్స్. బయటినుంచి వస్తున్నది ముఖ్యంగా కాయిల్, ప్లేటు, రేకు. రేకు మీద సుంకం వేస్తే మన ప్లాంటుకి ఒరిగేదేంటి? "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని పోరాడింది ఒక ప్లాంటు కోసం, లాభం పోయేది వేరే కంపెనీలకి.

గాజువాక_పాతకాపు

నేరుగా ఒరిగేది తక్కువే, దాచను. మాకు సొంత గని లేదు. బైలదిల్లా నుంచి కొత్తవలస–కిరండూల్ లైను మీద వచ్చే ఖనిజాన్ని డబ్బు పెట్టి కొనుక్కోవాలి. సొంత గనులున్నవాడికీ మాకూ టన్ను మీద తేడా అక్కడే. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది, గని ఇవ్వలేదు. మా రోగానికి సుంకం మందు కాదు. కానీ కాయిల్ అమ్ముడుపోకపోతే పెద్ద కంపెనీలన్నీ ఊసల మీద పడతాయి, అప్పుడు మా రేటే దిగుతుంది. సుంకం అక్కర్లేదని అందుకే అనలేను.

బాలానగర్_ఫ్యాబ్రికేషన్

మెట్ కోక్ (ఉక్కు ఫర్నేసులల్ల వాడే బొగ్గు) ముచ్చట ఎవలూ తీస్తలేరేంది? 2025 జనవరి నుంచి బయటి కోక్ మీద కోటా పెట్టిన్రు, కోక్ చేసేటోళ్లను కాపాడనీకి. అప్పుడు ఇవే ఉక్కు కంపెనీలు ఏమన్నయి? మాకు కావాల్సిన నాణ్యత ఇక్కడ దొరకదు, ఖర్చు పెరుగుతది, తియ్యుండ్రి అన్నయి. గదే మాట మేమంటే దేశద్రోహం లెక్క చూస్తరు.

మోడరేటర్

దేశద్రోహం లాంటి మాటలు వద్దు. విషయం మీదే ఉందాం.

తణుకు_కోళ్లఫారం

కోక్ పాయింటు బాగుందండి. ఎవరికి వాళ్లు కొనేటప్పుడు స్వేచ్ఛావాదులే, అమ్మేటప్పుడు స్వదేశీలే. నేను గుడ్డు అమ్మేటప్పుడు నాకూ అంతే అనుకోండి.

లెక్కల_మాస్టారు

నా మాట తేల్చి చెబుతాను. సుంకమే వద్దనడం లేదు. పాతకాపు గారు చెప్పిన 11 కోట్ల టన్నుల సంగతి నిజం. నేననేది, యాంటీ డంపింగ్ సుంకం కూడా సేఫ్‌గార్డ్ లాగా ఏటా మెట్టు దిగాలి. గడువు తీరాక పొడిగింపు కావాలంటే, ఈ అయిదేళ్లలో ఏం పెట్టుబడి పెట్టారో, ఖర్చు ఎంత తగ్గించారో పరిశ్రమ చూపాలి. ధర ఫలానా హద్దు దాటితే సుంకం తనంతట తానే ఆగిపోవాలి. అది లేకే 2021లో అంత హడావుడి జరిగింది. ఊసల రేటు ఎలా ఎగబాకిందో అప్పుడు ఇల్లు కట్టినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. కోయంబత్తూరు కాంట్రాక్టర్ల ఫిర్యాదు కాంపిటీషన్ కమిషన్ విచారణ దాకా వెళ్లింది ఆ ఏడాది రేట్ల మీదే.

డీజీటీఆర్_ఫైళ్లు (ఢిల్లీ)

మెట్టు దిగే సుంకం ఆలోచన బాగుంది, దానికి నియమాలు మారాలి. ఈలోగా ఉన్న అవకాశాన్నే ఎవరూ వాడుకోవడం లేదు. విచారణ మొదలైనప్పుడు వాడకందార్ల కోసం "ఎకనమిక్ ఇంటరెస్ట్" ప్రశ్నావళి ఒకటి పెడతారు. సుంకం వేస్తే మీ ఖర్చు ఎంత పెరుగుతుంది, ఆ భారం ఎవరి మీద పడుతుంది అని అడుగుతారు. గడువు మామూలుగా 30 రోజులు. నేను చూసిన ఉక్కు కేసుల్లో ఉత్పత్తిదారుల కాగితాలు కట్టలు కట్టలుగా వస్తాయి. చిన్న ఫ్యాబ్రికేటర్ల నుంచి వచ్చేది దాదాపు శూన్యం. ఫైల్లో లేని నష్టాన్ని అధికారి ఎక్కడినుంచి తెచ్చి రాస్తాడు?

బాలానగర్_ఫ్యాబ్రికేషన్

30 దినాలల్ల ఢిల్లీకి ఇంగ్లీషుల జవాబు రాయాలె, లెక్కలు పెట్టాలె, బయటికి చూపనీకి వేరే కాపీ చేయాలె. నా కాడ ఉన్నది ఒక్క అకౌంటెంట్, ఆయన జీఎస్టీ రిటర్నులకే సరిపోతడు. వకీలు ఫీజు నా ఏడాది మిగులుకన్నా ఎక్కువైతది. కంపెనీలకేమో ఒక ఆఫీసే ఉంటది దానికి.

డీజీటీఆర్_ఫైళ్లు (ఢిల్లీ)

ఒక్కరు వేయనక్కర్లేదు, సంఘం తరఫున వేయొచ్చు. సుంకానికి ముందూ తర్వాతా కొన్న కాయిల్ బిల్లులు, ఇచ్చిన కొటేషన్లు, వదులుకున్న ఆర్డర్లు, ఇవి ఉంటే చాలు. రహస్యంగా ఉంచాల్సినవి వేరేగా ఇవ్వొచ్చు.

బాలానగర్_ఫ్యాబ్రికేషన్

బిల్లులైతే 2019 నుంచి ఉన్నయి. మా అసోసియేషన్ల అడుగుత. తణుకాయనా, మీ కోళ్ల సంఘం కూడ కలుస్తదా?

తణుకు_కోళ్లఫారం

అడిగి చెప్తానండి. మావాళ్లు మేత రేటు తప్ప ఇంకోటి మాట్లాడరు, అయినా చూద్దాం.

గాజువాక_పాతకాపు

వేయండి, మంచిదే. మా యూనియన్ వాళ్లకీ చెప్తాను, సుంకం ఎందుకుండాలో వాళ్లూ రాసి పంపాలి కదా.