సిగ్నల్ దగ్గర ఐడ్లింగ్ 600కి పడిపోతోంది, బ్యాటరీ 12.3 వోల్టులే: డైనమో పోయినట్టేనా?

పెట్రోల్_హ్యాచ్
2011 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ అండి. 1.1 లీటర్, నాలుగు సిలిండర్లు, కేబుల్ థ్రాటిల్, మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి పోయే గాలి ఒత్తిడి కొలిచేది). గ్యాస్ కిట్ లేదు. ఇంజిన్ వేడెక్కాక ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర ఆగితే ఆర్పీఎం 600 దగ్గర ఊగుతుంది, హెడ్‌లైట్లు డల్ అవుతాయి, ఒక్కోసారి బండి ఆగిపోతుంది. ఆ టైంలో బ్యాటరీ మీద మీటర్ పెడితే 12.3. కాస్త రేజ్ ఇస్తే లైట్లు మళ్ళీ వెలుగుతాయి. చెక్ ఇంజిన్ లైట్ లేదు, బ్యాటరీ కొత్తదే. మెకానిక్ డైనమో మార్చాలంటున్నాడు. ఎలక్ట్రీషియన్ ముందు ఐడ్లింగ్ సరిచేయించుకో అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

ఎర్త్_వైర్
ఇప్పుడే ఎవరి మాటా వినకండి. ఈ రెండు జబ్బులూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. డైనమో పుల్లీ చిన్నది, ఇంజిన్ ఒక చుట్టు తిరిగితే అది రెండు చుట్లకు పైనే తిరుగుతుంది. 600 ఆర్పీఎం అంటే డైనమో 1400 దగ్గర ఉన్నట్టు, అంటే కరెంటు తయారవడం అప్పుడప్పుడే మొదలైందన్నమాట. అటువైపు వోల్టేజ్ తగ్గితే ఇంజెక్టర్లు లేటుగా తెరుచుకుంటాయి, కాయిల్ స్పార్క్ బలహీనపడుతుంది, ఐడ్లింగ్ ఇంకా దిగుతుంది.

ఏది ముందో తేల్చడానికి ఒకటే పరీక్ష. వేడి ఇంజిన్‌ని 2000 ఆర్పీఎం దగ్గర పట్టి ఉంచి, హెడ్‌లైట్లు, బ్లోయర్, ఏసీ వేసి బ్యాటరీ మీద చూడండి. 13.8 నుంచి 14.5 మధ్య వస్తే డైనమో బాగున్నట్టే, గొడవంతా ఐడ్లింగ్‌ది. అక్కడా 13.5 దాటకపోతే చార్జింగ్ వైపు కూడా లోపం ఉంది. అలాగని అది డైనమోలోనే ఉందని కాదు.

దాంతోపాటు ఇవి కూడా రాసి పెట్టండి. రాత్రంతా ఆగిన బండిలో తాళం తిప్పకముందు వోల్టేజ్ (12.6 ఉంటే ఫుల్, 12.2 అంటే సగమే). సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఎంతకి దిగుతోంది (9.6 కిందకి పోకూడదు). 2000 ఆర్పీఎం, లోడ్ మీదే ఉంచి, డైనమో వెనక లావు వైర్ బిగించిన బోల్టుకి ఒక ప్రోబ్, బ్యాటరీ ప్లస్‌కి ఇంకోటి పెడితే 0.2 లోపు రావాలి. డైనమో బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కి 0.1 దాటకూడదు. చివరగా మీటర్‌ని ఏసీ వోల్టులకి (ఎయిర్ కండిషనర్ కాదు, ఆల్టర్నేటింగ్ కరెంట్) తిప్పి బ్యాటరీ మీద పెట్టండి. 0.1 లోపు మామూలే, 0.5 దగ్గరికి వస్తే డైనమోలోని డయోడ్ పోయినట్టు.

తాళం ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకముందు డ్యాష్‌లో బ్యాటరీ లైట్ వెలుగుతోందా అనేది చాలామంది చూడరు. చాలా బండ్లలో ఆ బల్బు మీదుగానే డైనమో ఫీల్డ్‌కి (లోపలి అయస్కాంత చుట్టకి) మొదటి కరెంటు వెళ్తుంది. బల్బు మాడితే ఐడ్లింగ్‌లో చార్జింగే మొదలవదు, ఒకసారి గట్టిగా రేజ్ ఇచ్చాకే పట్టుకుంటుంది. పది రూపాయల బల్బుకి డైనమో మార్చేసినవాళ్ళున్నారు.

ఇంకొకటి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి "ఆగలేదు కదా, డైనమో బాగుంది" అనే పరీక్ష ఎవరినీ చేయనివ్వకండి. లోడ్ ఒక్కసారి తెగితే వోల్టేజ్ ఎగిరి ఈసీయూనో (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) డైనమో రెగ్యులేటర్నో కాల్చేస్తుంది.

థ్రాటిల్_బాడీ
ఐడ్లింగ్ సంగతి నేను చెప్తాను. ఆర్పీఎం తక్కువైనా ఇంజిన్ సాఫీగా తిరుగుతుంటే గాలి చాలట్లేదని అర్థం. దడదడలాడుతుంటే ప్లగ్గు, కాయిల్, ఇంజెక్టర్ వైపు వెళ్ళండి. మీది మ్యాప్ సెన్సర్ కాబట్టి ఎక్కడైనా వాక్యూమ్ పైపు చీలితే ఐడ్లింగ్ పెరుగుతుంది కానీ తగ్గదు. అందుకే పైపుల వేట తర్వాత పెట్టుకోండి, ముందు కార్బన్ చూడండి.

థ్రాటిల్ ప్లేటు (ఇంజిన్‌కి గాలి దారి తెరిచే రేకు) అంచు చుట్టూ, ఐడిల్ వాల్వ్ (ఐడ్లింగ్‌లో గాలి వదిలేది) మొన మీద నల్లగా జిగటగా పేరుకుంటుంది. ఏసీ వేయగానే కంప్రెసర్ పట్టుకోకముందే ఈసీయూ ఆ వాల్వ్‌ని తెరిచి ఆర్పీఎం కాపాడాలి. దారే పూడిపోతే వాల్వ్ ఎంత తెరిచినా లాభం లేదు. మీకు ఏసీతోనే ఎక్కువ పడిపోవడానికి ఇదే కారణం కావచ్చు.

బ్యాటరీ మైనస్ తీసి, గాలి గొట్టం ఊడదీసి, థ్రాటిల్ బాడీని దించి కడగండి. థ్రాటిల్ క్లీనర్, మెత్తని టూత్‌బ్రష్, బట్ట చాలు. బ్లేడు, ఎమెరీ కాగితం తాకించొద్దు. ఐడిల్ వాల్వ్ మొనని క్లీనర్‌తో తడిపిన బట్టతో తుడవండి, మోటార్ వైపు స్ప్రే పోకూడదు. బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్, కొత్త ఓ-రింగ్ వేయండి. ప్లేటు ఆపే చిన్న స్క్రూని మాత్రం ముట్టుకోకండి. దాన్ని తిప్పితే థ్రాటిల్ సెన్సర్ మూసిన స్థితి మారిపోతుంది, ఈసీయూ అది ఐడ్లింగ్ అని గుర్తుపట్టదు. తర్వాత ఈసీయూ ఐడ్లింగ్‌ని మళ్ళీ నేర్చుకోవడానికి స్టార్ట్ చేసి, ఏ లోడూ లేకుండా రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగేదాకా వదిలేయండి. ఆ పైన ఏసీ వేసి ఇంకో ఐదు నిమిషాలు.

పెట్రోల్_హ్యాచ్
రీడింగులు తీశాను. పొద్దున్నే 12.35. సెల్ఫ్‌లో 10.1. అన్నీ ఆఫ్ చేసి ఐడ్లింగ్‌లో 13.2. 2000 దగ్గర ఫుల్ లోడ్ మీద 13.1. డైనమో బోల్టు నుంచి బ్యాటరీ ప్లస్‌కి 0.95! మైనస్ వైపు 0.06. ఏసీ వోల్టులు 0.04. తాళం తిప్పగానే బ్యాటరీ లైట్ వెలుగుతోంది, బెల్ట్ కీచుమనట్లేదు. ఇంజిన్ ఊగుతుంది కానీ దడ లేదు.

ఎర్త్_వైర్
డైనమో జోలికి వెళ్ళకండి. 13.1కి 0.95, 0.06 కలిపి చూడండి: డైనమో దగ్గర 14.1 తయారవుతోంది. దాదాపు ఒక వోల్టు దారిలోనే ఆవిరైపోతోంది. 30 యాంపులు పోతుంటే లోపమున్న అతుకు దగ్గర 28 వాట్ల వేడి, చిన్న సోల్డరింగ్ ఐరన్‌తో సమానం. చేత్తో తడిమితే కాలుతుంది, జాగ్రత్త.

ఎక్కడో పట్టుకోవడం తేలికే. అదే లోడ్ మీద ఒక ప్రోబ్ డైనమో బోల్టు మీదే ఉంచి, రెండోదాన్ని వరసగా జరపండి: వైర్ చివరి లగ్గు (బోల్టుకి బిగించే లోహపు కొన), ఫ్యూజ్ బాక్స్‌లో ఆ వైర్ వచ్చే బోల్టు, మెయిన్ ఫ్యూజ్ అవతలి పక్క, బ్యాటరీ క్లాంపు, చివరగా బ్యాటరీ పోస్టు. ఏ అడుగు దగ్గర రీడింగ్ ఎగిరితే లోపం అక్కడే. ఎక్కువసార్లు మెయిన్ ఫ్యూజ్ బోల్టు వదులై ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి ఉంటుంది, లేదంటే లగ్గు లోపల రాగి పచ్చబడి ఉంటుంది. పచ్చబడిన వైర్‌ని మెరిసేదాకా కోసి కొత్త లగ్గు క్రింప్ చేయించండి (గట్టిగా నొక్కి బిగించడం). ఫ్యూజ్ మారిస్తే అదే యాంపులది వేయండి, వైరు ముక్కతో సరిపెట్టొద్దు. ముందు మైనస్ తీసి మొదలుపెట్టండి.

12.35 అంటే బ్యాటరీ మూడొంతుల్లో రెండొంతులే నిండి ఉంది. 35 యాంప్-అవర్ (Ah) బ్యాటరీ అయితే బయట చార్జర్ మీద 3.5 యాంపులతో ఐదారు గంటలు పెట్టండి. లేకపోతే మీరు సరిచేసిన వైరింగ్ మొదటి వారమంతా ఆకలిగా ఉన్న బ్యాటరీని మోస్తుంది.

థ్రాటిల్_బాడీ
ఒక లెక్క కూడా చెప్పాలి, లేకపోతే రేపు మళ్ళీ అనుమానం వస్తుంది. హెడ్‌లైట్లు రెండూ కలిసి 9 యాంపులు, బ్లోయర్ 12, రేడియేటర్ ఫ్యాన్ 12, ఏసీ క్లచ్ 4, ఫ్యూయల్ పంపు, కాయిల్, ఇంజెక్టర్లు, ఈసీయూ మరో 10. మొత్తం 47. చిన్న బండి డైనమో 60 యాంపులదే అయినా ఐడ్లింగ్‌లో అందులో సగమే ఇవ్వగలదు. ఐడ్లింగ్ 800కి వచ్చాక కూడా ఫ్యాన్ తిరిగినంతసేపు 13కి దిగితే అది రోగం కాదు. 100/90 వాట్ల బల్బులు వేయించి ఉంటే మాత్రం 60/55కి మార్చేయండి.

హైవే_డ్రైవ్
నాది బీఎస్6 బండి. హైవే మీద 12.8 చూపిస్తోంది. నాదీ ఇదే సమస్యా?

ఎర్త్_వైర్
అనుకోనవసరం లేదండి. కొత్త బండ్లలో చాలావాటికి చార్జింగ్‌ని ఈసీయూయే నడుపుతుంది. బ్యాటరీ నిండి ఉంటే పెట్రోల్ ఆదాకి 12.8 దగ్గర ఉంచి, యాక్సిలరేటర్ వదిలినప్పుడు 14.5 పైకి లేపుతుంది. హెడ్‌లైట్లు వేసి, వాలులో కాలు తీసి చూడండి. పైకి లేస్తే మీ బండి బాగానే ఉంది.