అప్‌డేట్: నాన్నగారి ఆయాసం, గుండె బిగుతు పరీక్ష

ఎకోలో (గుండె స్కాన్‌లో) గుండె పిండే శక్తిని చూపే ఈఎఫ్ 60 శాతం, అంటే నార్మల్‌గానే ఉన్నా నాన్నగారికి మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, గుండె కండరం బిగుతుని అల్ట్రాసౌండ్ తరంగాలతో కొలిచే షియర్ వేవ్ పరీక్ష వైజాగ్‌లో ఎక్కడ చేస్తారు అని నెల కిందట అడిగాను కదా. ఆ పరీక్ష అక్కర్లేకపోయింది. లివర్‌కి మామూలుగా చేస్తారు గానీ, నిరంతరం కదిలే గుండెకి అది ఇంకా ఎక్కువగా పరిశోధన దశలోనే ఉందట. ఎకోలోనే గుండె కండరం కదిలే వేగాన్ని కొలిచే టిష్యూ డాప్లర్ చూపించమన్న వారి సలహా పనికొచ్చింది: ఈ బై ఈ-ప్రైమ్ (గుండె గదిలోకి రక్తం వచ్చే వేగానికీ, కండరం వదులయ్యే వేగానికీ నిష్పత్తి) 16 వచ్చింది, 14 దాటితే గుండె ఎడమవైపు ఒత్తిడి పెరిగిందని అనుమానించాలని కార్డియాలజిస్ట్ చెప్పారు, అంటే గుండె బాగానే పిండుతోంది గానీ సరిగ్గా వదులవ్వట్లేదు, ఏళ్ల తరబడి ఉన్న బీపీ వల్ల. ఊపిరితిత్తుల సీటీ నార్మల్. బీపీ మందు మార్చి, నీరు తగ్గే మాత్ర ఇచ్చారు. మొన్న ఆర్కే బీచ్‌లో నాన్నగారు ఆగకుండా నడుస్తుంటే నాకు కళ్ళు చెమర్చాయి. అందరికీ చాలా థాంక్స్.