వెల్వెట్ ఆకుల తీగ మొక్క రంగు పోతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్తే, మా ఇంట్లో హ్యాంగింగ్ కుండీలో పర్పుల్ ప్యాషన్ ఉంది, గైనూరా అంటారు కదా అదే, ఆకుల మీద ఊదా రంగు నూగు ఉండి తాకితే అచ్చం వెల్వెట్ బట్టలా ఉంటుంది. ఇప్పుడేమో కొత్త ఆకులు ఉత్త పచ్చగా వస్తున్నాయి, తీగలు సాగిపోయి ఆకుకీ ఆకుకీ మధ్య చాలా గ్యాప్ వస్తోంది. కిటికీకి 6 అడుగుల దూరంలో పెట్టా, వెలుతురు చాలకేనా? నేరుగా ఎండలో పెడితే మాడిపోతుందేమోనని భయం. నీళ్లు స్ప్రే చేస్తే ఆకుల మీద మచ్చలొచ్చాయి, అప్పట్నుంచి పైమట్టి ఒక అంగుళం ఆరాకే కుండీలో పోస్తున్నా. చివర్లు తుంచితే గుబురుగా వస్తుందా, ఆ ముక్కలు నీళ్లలో పెడితే వేర్లు వస్తాయా? మొగ్గలు కూడా వేసింది, పూలు కంపు కొడతాయంట, తీసేయమంటారా? చాలా ఇష్టంగా పెంచుకుంటున్నానండి, తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.